రియాక్షన్ అయ్యాక మెటల్ ఎక్కడుంది?
ఆర్గానిక్ కెమిస్ట్రీ అభ్యర్థులను ఇంటర్వ్యూలో నిలబెట్టే ప్రశ్న... దాని జవాబు వెనక తార్నాక ల్యాబ్ కథ

సికింద్రాబాద్ ఈస్ట్‌లో మెట్రో ఎక్కారనుకోండి. మెట్టుగూడ, తార్నాక, హబ్సిగూడ. చివరి రెండు స్టేషన్ల మధ్య ఉప్పల్ రోడ్డును ఆనుకుని పెద్ద క్యాంపస్ ఒకటి కనిపిస్తుంది. భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, మనందరికీ తెలిసిన పేరు ఐఐసీటీ. ఫైల్లో బయోడేటా పెట్టుకుని నాచారానికో, మల్లాపూర్‌కో, చర్లపల్లికో వాకిన్ ఇంటర్వ్యూకి వెళ్లే ఎమ్మెస్సీ కుర్రాళ్లు, అమ్మాయిలు రోజూ ఆ గేటు ముందు నుంచే పోతుంటారు. లోపల ఏం జరుగుతుందో చాలామందికి పట్టదు. ఇంటర్వ్యూలో మిమ్మల్ని ఇరుకున పెట్టే ఒక ప్రశ్న మీద మాత్రం ఆ గేటు లోపల పాతికేళ్ల కిందటే గట్టి పని జరిగింది.

ఆ ప్రశ్న ఎలా వస్తుందో చూడండి. బోర్డు మీద షార్ప్‌లెస్ డైహైడ్రాక్సిలేషన్ రాయమంటారు. మీరు రాస్తారు. ఆల్కీన్, ఆస్మియం టెట్రాక్సైడ్, కైరల్ లైగాండ్, ఆక్సిడెంట్, డయోల్. మెకానిజం కూడా బాణాలతో సహా వేసేస్తారు. అవతలివాళ్లు తలూపి, "బాగుంది. రియాక్షన్ అయిపోయింది. ఇప్పుడు ఆ ఆస్మియం ఎక్కడుంది?" అని అడుగుతారు.

మార్కర్ చేతిలో అలాగే ఉండిపోతుంది. పుస్తకంలో బాణం డయోల్ దగ్గరే ఆగిపోయింది కదా! కంపెనీ పని అక్కడే మొదలవుతుంది.

ఎడమ చెప్పు, కుడి చెప్పు

ఆర్గానిక్ వాళ్లకు ఈ భాగం తెలిసిందే. బీటెక్ కెమికల్, బీఫార్మసీ వాళ్ల కోసం క్లుప్తంగా. ఎడమ చెప్పు, కుడి చెప్పు అద్దంలో ఒకదానికొకటి ప్రతిబింబాలు. కానీ ఎడమది కుడి కాలికి పట్టదు. చాలా మందుల అణువులూ ఇంతే, రెండు రూపాల్లో ఉంటాయి. వీటినే ఎనాన్షియోమర్లు అంటాం. శరీరంలోని ప్రొటీన్లు కూడా ఒక వైపుకే అలవాటు పడినవి కాబట్టి రెండు రూపాలనూ ఒకేలా చూడవు. మెడికల్ షాపు అరలోనే సాక్ష్యం ఉంది. సిట్రిజిన్ పక్కన లీవోసిట్రిజిన్, ఒఫ్లాక్సాసిన్ పక్కన లీవోఫ్లాక్సాసిన్, ఒమెప్రజోల్ పక్కన ఎసోమెప్రజోల్. ప్రతి జంటలోనూ రెండోది ఒంటి చెప్పు.

ఇక్కడ అందరూ థాలిడొమైడ్ ఉదాహరణ చెప్తారు. 1950ల చివర్లో మార్కెట్లోకి వచ్చి, 1961 చివర్లో వెనక్కి తీసుకునేలోగా పది వేలకు పైగా శిశువులను వైకల్యం పాలు చేసిన మందు అది. "ఒక రూపం మంచిది, రెండోది చెడ్డది, మంచిదే ఇచ్చుంటే సరిపోయేది" అని ముగించకండి. శరీరంలోకి వెళ్లాక ఆ రెండు రూపాలూ ఒకదాన్నుంచి ఇంకోదానికి మారిపోతాయి. తెలిసిన ఇంటర్వ్యూయర్ అయితే అక్కడే పట్టుకుంటారు.

1992లో అమెరికా ఎఫ్‌డీఏ కైరల్ మందులపై తన విధానాన్ని ప్రకటించింది. రెండు రూపాలూ కలిపి అమ్మాలనుకుంటే ఒక్కోటి శరీరంలో ఏం చేస్తుందో చెప్పాలి. దాంతో ఒకే రూపాన్ని తయారుచేయడం మీద కంపెనీల దృష్టి పెరిగింది. మామూలు పద్ధతి రిజల్యూషన్. రెండు రూపాలూ తయారుచేసి, వాటిని వేరుచేసి, అక్కర్లేనిది పక్కన పెట్టడం. దాన్ని మళ్లీ మార్చి వాడుకునే దారి లేకపోతే సగం సరుకు వృథా. మొదట్నుంచీ కావాల్సిన రూపమే వచ్చేలా చేయడం అసౌష్ఠవ సంశ్లేషణ, అంటే అసిమెట్రిక్ సింథసిస్. దీనికి కైరల్ లైగాండ్ తగిలించిన లోహపు ఉత్ప్రేరకం బాగా పనికొస్తుంది. 2001 కెమిస్ట్రీ నోబెల్ ఈ పనికే ఇచ్చారు. విలియం నోల్స్, ర్యోజీ నోయోరి, బ్యారీ షార్ప్‌లెస్ పంచుకున్నారు. వీళ్లలో నోల్స్ యూనివర్సిటీ ప్రొఫెసర్ కాదు, మోన్‌శాంటో కంపెనీ ఉద్యోగి. రోడియం ఉత్ప్రేరకంతో పార్కిన్సన్స్ మందు ఎల్-డోపాను ఫ్యాక్టరీ స్థాయిలో తయారుచేయించిన మనిషి. కంపెనీ ఉద్యోగమంటే సైన్సుకి దూరమైపోవడమే అనుకునేవాళ్లు ఆయన పేరు గుర్తుంచుకోండి.

34 గ్రాముల లెక్క

మెటల్ వెనక్కి రావాలని కంపెనీ ఎందుకంత పట్టుబడుతుంది? ఒక లెక్క వేద్దాం, పెన్ను తీయండి.

100 కిలోల మందు తయారుచేయాలి. దాని అణుభారం 300 అనుకుందాం. అంటే సుమారు 333 మోల్స్. ఉత్ప్రేరకం 0.1 మోల్ శాతం వాడితే రోడియం 0.333 మోల్స్, దాదాపు 34 గ్రాములు. గుప్పెడు కూడా లేదు. కానీ 2021లో రోడియం ధర ఔన్సుకు 25 వేల డాలర్లు దాటింది. ఔన్సంటే 31 గ్రాములే. ఆ ధరతో లెక్కేస్తే ఒక్క బ్యాచ్‌లో పోసింది సుమారు 20 లక్షల రూపాయలు. తర్వాత ధర బాగా దిగింది, నిజమే. ఇలా ఎక్కి దిగే సరుకు మీద ఏ పర్చేజ్ మేనేజరూ నిద్రపోలేడు. పైగా చాలాసార్లు లోహం కంటే దానికి తగిలించే కైరల్ లైగాండే ఎక్కువ ఖరీదు.

రెండో సంగతి మందు మింగేవాళ్లది. ఐసీహెచ్ క్యూ3డి మార్గదర్శకాల ప్రకారం నోటి ద్వారా తీసుకునే మందుల్లో రోడియం, రుథీనియం, పల్లేడియం, ఆస్మియం ఒక్కోటి రోజుకు 100 మైక్రోగ్రాములు దాటకూడదు. మందు డోసు రోజుకు 1 గ్రాము అయితే అందులో 100 పీపీఎం వరకు ఓకే. డోసు 10 గ్రాములైతే 10 పీపీఎం. మన 34 గ్రాముల్లో 3 శాతం మాత్రమే కరిగి మందులో ఉండిపోయిందనుకోండి. 100 కిలోల్లో 1 గ్రాము, అంటే 10 పీపీఎం! చిన్న డోసు మందుకు దర్జాగా సరిపోయే బ్యాచ్, పెద్ద డోసు మందుకైతే సరిగ్గా గీత మీద నిలబడుతుంది. డోసు అడక్కుండా "10 పీపీఎం ఉంటే పాస్" అని చెప్పే అభ్యర్థి ఇక్కడే దొరికిపోతారు.

మూడోది చెత్త. రోజర్ షెల్డన్ 1992లో ఈ-ఫ్యాక్టర్ అనే లెక్క ప్రతిపాదించారు. ఒక కిలో సరుకుకు ఎన్ని కిలోల వ్యర్థం అని. ఫార్మాలో అది 25 నుంచి 100కు పైగానే ఉంటుందని చూపించారు. పటాన్‌చెరు, బొల్లారం వైపు ఊళ్ల నుంచి వచ్చిన విద్యార్థులకు ఈ లెక్క ప్రత్యేకంగా వివరించనక్కర్లేదు.

తార్నాకలో ఏం చేశారు?

ఐఐసీటీ 1944లో నిజాం కాలంలో మొదలైంది. తర్వాత రీజినల్ రీసెర్చ్ లేబొరేటరీగా సీఎస్‌ఐఆర్ గొడుగు కిందకు వచ్చి, 1989లో ఇప్పటి పేరు పెట్టుకుంది. పాత తార్నాకవాళ్లు ఇప్పటికీ ఆర్‌ఆర్‌ఎల్ అనే అంటారు.

2001లో, షార్ప్‌లెస్‌కి నోబెల్ వచ్చిన ఏడాదే, ఇక్కడి బీఎం చౌదరి, ఎం.లక్ష్మీకాంతం బృందం జర్నల్ ఆఫ్ ద అమెరికన్ కెమికల్ సొసైటీలో ఒక పేపర్ ప్రచురించింది. లక్ష్మీకాంతం ఆ తర్వాత 2013లో ఐఐసీటీకి తొలి మహిళా డైరెక్టర్ అయ్యారు. వాళ్లు తీసుకున్న సమస్య సరిగ్గా మన ఇంటర్వ్యూ ప్రశ్నే. షార్ప్‌లెస్ చర్యలో ఆస్మియం ద్రావణంలో కరిగి ఉంటుంది. ఖరీదైనది. ఆస్మియం టెట్రాక్సైడ్ తేలిగ్గా ఆవిరై కళ్లకు, ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. కరిగిపోయినదాన్ని వడపోతతో పట్టుకోలేం.

వాళ్ల ఉపాయం వినడానికి చాలా సింపుల్. మెగ్నీషియం, అల్యూమినియం హైడ్రాక్సైడ్ల పలకలు దొంతరలుగా పేర్చినట్టుండే పదార్థం ఒకటుంది, లేయర్డ్ డబుల్ హైడ్రాక్సైడ్. ఆ పలకలకు ధనావేశం ఉంటుంది. దాన్ని సరిపెట్టడానికి క్లోరైడ్ లాంటి రుణ అయాన్లు పుస్తకంలో దాచుకున్న నెమలీకల్లా ఉంటాయి. దీన్ని పొటాషియం ఆస్మేట్ ద్రావణంలో కలియబెడితే క్లోరైడ్ బయటికొస్తుంది, దాని బదులు ఆస్మేట్ అయాన్ పలకలకు అతుక్కుంటుంది. అయాన్ ఎక్స్‌ఛేంజ్ అంతే. ఇంట్లో వాటర్ సాఫ్ట్‌నర్ చేసే పని లాంటిదే. ఆస్మేట్‌ను ఈ పద్ధతిలో ఘన పదార్థానికి ఎక్కించడం అదే మొదటిసారి. రియాక్షన్ అయ్యాక వడకట్టేస్తే ఆస్మియం ఫిల్టర్ పేపర్ మీద ఉంటుంది.

ఇందులో నాకు బాగా నచ్చేది ఆ తర్వాతి ఏడాది పేపర్. ఎన్‌ఎంఓ అనే ఆక్సిడెంట్‌తో బాగా నడిచిన ఈ పలకల ఉత్ప్రేరకం పొటాషియం ఫెర్రీసయనైడ్‌తో, ఆక్సిజన్‌తో ఇబ్బంది పెట్టింది. ఇలాంటి పలకలకు ఎక్కువ ఆవేశం ఉన్న రుణ అయాన్లంటే మక్కువ. ఫెర్రీసయనైడ్‌కి మూడు రుణావేశాలు. బస్సులో బలమైనవాడు వచ్చి సీట్లో ఉన్నవాణ్ని లేపేసినట్టే. 2002లో అదే బృందం వేరే రకం అయాన్ ఎక్స్‌ఛేంజర్లకు మారింది. క్వాటర్నరీ అమ్మోనియం సమూహాలున్న రెజిన్, సిలికా. రెజిన్ మీదకు ఎక్కించిన ఆస్మియం మూడు ఆక్సిడెంట్లతోనూ నిలకడగా పనిచేసింది. వడకట్టి చాలాసార్లు వాడారు కూడా. మొదటి పేపర్‌తో సరిపెట్టుకోకుండా తమ ఉత్ప్రేరకం ఎక్కడ పనిచేయదో తామే చెప్పి, సరిచేసుకుని రెండో పేపర్ రాశారు. ప్రాసెస్ కెమిస్ట్ అంటే ఈ బుద్ధే.

2005లో ఇదే బృందం నానో మెగ్నీషియం ఆక్సైడ్‌తో అసిమెట్రిక్ హెన్రీ, మైకేల్ చర్యలు చేసి చూపించింది. ఖరీదైన లోహం జోలికే పోలేదు. అది వేరే కథ.

సికింద్రాబాద్‌తో ఇంకో చిన్న లంకె ఉంది. షార్ప్‌లెస్ చర్యలో వాడే కైరల్ లైగాండ్లు సింకోనా చెట్టు బెరడులోని క్వినైన్, క్వినిడిన్‌ల నుంచి వస్తాయి. ఆ క్వినైనే మలేరియా మందు. 1897 ఆగస్టు 20న దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని రోనాల్డ్ రాస్ చూసింది ఇక్కడే, బేగంపేటలోని ఆ పాత బంగళాలో. ఇంటర్వ్యూలో చెప్పనక్కర్లేదు లెండి, చెప్తే మాత్రం బోర్డు వాళ్లు నవ్వుతారు.

కబడ్డీ చైన్

పై పద్ధతిలో ఒక లోటుంది. ఆస్మియం ఘన పదార్థానికి అతుక్కుంది సరే, కైరల్ లైగాండ్ మాత్రం ద్రావణంలో విడిగానే తిరుగుతుంది. అది అమీన్ కాబట్టి యాసిడ్ వాష్ ఇచ్చి నీళ్లలోకి లాగి వేరుగా రాబట్టుకోవాలి. రెండూ ఒకేసారి పట్టుబడాలంటే?

మామూలుగా లైగాండ్‌ను పాలీస్టైరీన్‌కో సిలికాకో గొలుసుతో కట్టేస్తారు. పందిరికి తీగ కట్టినట్టు. కానీ బరువులో ఎక్కువ భాగం పందిరిదే అవుతుంది. పైగా తీగ పందిరి మీద ఎక్కడ ఎలా కూర్చుందో తెలియదు. అందుకే కొన్నిసార్లు చురుకుదనం తగ్గుతుంది, ఎంపిక సామర్థ్యమూ పడిపోతుంది.

షాంఘై ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆర్గానిక్ కెమిస్ట్రీలో కుయ్‌లింగ్ డింగ్ బృందం 2004 ప్రాంతంలో అసలు పందిరే వద్దనుకుంది. కబడ్డీలో రైడర్ వచ్చినప్పుడు డిఫెండర్లు చేతులు పట్టుకుని చైన్ కడతారు కదా. గోడ, గుంజ ఏమీ అక్కర్లేదు, మనుషులే గోడ. లైగాండ్‌కి ఒక్క చెయ్యి కాకుండా రెండు చివర్లా రెండు చేతులుండేలా తయారుచేశారు. లోహపు అయాన్ ఒక్కోటి రెండు లైగాండ్ల చేతులు పట్టుకుంటుంది. లైగాండ్, లోహం, లైగాండ్, లోహం... ఇలా పొడవాటి గొలుసు తయారై, ద్రావణంలో కరగక పొడిలా కిందకు దిగుతుంది. ఆ పొడే ఉత్ప్రేరకం. విడిగా ఆధారం లేదు, తనకు తానే ఆధారం. అందుకే సెల్ఫ్ సపోర్టెడ్ కెటలిస్ట్ అన్నారు. గొలుసులో ప్రతి కణుపూ పనిచేసే లోహకేంద్రమే కాబట్టి దండగ బరువు ఉండదు.

టైటానియంతో సల్ఫైడ్లను సల్ఫాక్సైడ్లుగా మార్చారు. ఎసోమెప్రజోల్ తయారీలో కీలక మెట్టు కూడా ఈ తరహా చర్యే, అక్కడా కైరల్ టైటానియమే. రోడియంతో హైడ్రోజనేషన్ చేశారు. 2005లో రెండు వేర్వేరు లైగాండ్లను రుథీనియంతో అల్లి, నోయోరి తరహా ఉత్ప్రేరకాన్నే గొలుసుగా మార్చారు. వడకట్టడం, మళ్లీ వాడటం.

ఇంత బాగుంటే ఫ్యాక్టరీలన్నీ ఎందుకు వాడట్లేదు? రెండు చేతుల లైగాండ్ తయారుచేయడానికి మెట్లు ఎక్కువ, ఖర్చు ఎక్కువ. లోహం, లైగాండ్ పట్టు వదలగల పట్టు. రియాక్షన్‌లోని పదార్థమే లోహాన్ని గట్టిగా పట్టుకునేదైతే చైన్ తెగుతుంది, లోహం జారిపోతుంది. పెద్ద రియాక్టర్లో స్టిరర్ తిరిగేటప్పుడు గింజలు నలిగి మెత్తటి పిండైతే ఫిల్టర్ బట్ట మూసుకుపోతుంది. ల్యాబ్‌లో పది నిమిషాల వడపోత ప్లాంట్‌లో ఏఎన్‌ఎఫ్‌డీ మీద షిఫ్టంతా పట్టొచ్చు. ఇది ఏ పేపర్లోనూ మొదటి పేజీలో రాయరు.

"అయిదుసార్లు వాడాం, దిగుబడి 98 శాతం"

ఈ వాక్యం వందల పేపర్లలో కనిపిస్తుంది. మీ ఎమ్మెస్సీ ప్రాజెక్ట్ రిపోర్ట్‌లో కూడా ఉండొచ్చు. నమ్మే ముందు ఏం చూడాలో నేర్చుకున్నవాళ్లకు ఇంటర్వ్యూలో ఆ పదిహేను నిమిషాలు హాయిగా గడిచిపోతాయి.

మొదట టైమ్ చూడండి. తాజా ఉత్ప్రేరకంతో గంటలో అయ్యే రియాక్షన్‌ను 12 గంటలు నడిపారనుకోండి. ఉత్ప్రేరకంలో ఎనిమిదో వంతే బతికున్నా ఎనిమిది గంటల్లో పని ముగిసిపోతుంది, పట్టికలో 98 శాతమే కనిపిస్తుంది. కాబట్టి రియాక్షన్ సగంలో ఉన్నప్పుడు, ప్రతి విడతలోనూ ఒకే సమయానికి కన్వర్షన్ కొలిచారా అన్నది అడగాలి. పరీక్ష అయిపోయాక ముప్పావు గంట ఎక్కువిస్తే అందరూ పాసే కదా!

తర్వాత వేడి వడపోత పరీక్ష, హాట్ ఫిల్ట్రేషన్. రియాక్షన్ 30, 40 శాతం నడిచాక వేడిగా ఉండగానే ఘన పదార్థాన్ని వడకట్టి తీసేయాలి. కిందకు దిగిన ద్రావణాన్ని అలాగే కొనసాగించాలి. అందులో రియాక్షన్ ఇంకా ముందుకు పోతుంటే కరిగిన లోహమే పనిచేస్తోందన్నమాట. చల్లార్చి వడకడితే మోసపోతారు. వేడిలో జారిన లోహం చల్లారేటప్పుడు మళ్లీ వెనక్కి వెళ్లి అతుక్కోవచ్చు.

ఈ పరీక్ష పాసైనా సంబరపడొద్దు. జారిన లోహం చురుకుదనం లేనిదైతే రియాక్షన్ ఆగుతుంది కానీ లోహం మందులో ఉండనే ఉంటుంది. దానికి ఐసీపీ-ఎంఎస్ చేయాల్సిందే. వడకట్టిన ద్రావణంలో, చివరి ఉత్పత్తిలో, రెండిటిలోనూ.

ఆపైన ఈఈ, అంటే ఎనాన్షియోమెరిక్ ఎక్సెస్. కైరల్ హెచ్‌పీఎల్‌సీలో రెండు పీక్‌ల విస్తీర్ణం 98, 2 వస్తే ఈఈ 96 శాతం, 98 కాదు. తొందరలో చాలామంది పెద్ద పీక్ అంకెనే ఈఈ అని చెప్పేస్తారు. మొదటి విడతలో 96 ఉన్న ఈఈ ఐదో విడతకు 88 అయితే, కన్వర్షన్ ఎంత బాగున్నా ఎక్కడో లైగాండ్ ఊడిపోయి ఉత్త లోహం పనిచేయడం మొదలైందేమోనని అనుమానించాలి.

విడతకు 5 శాతం చురుకుదనం పోతే పది విడతల తర్వాత మిగిలేది 60 శాతం. 1 శాతమే పోతే 90. అయిదు విడతల పట్టికలో ఈ తేడా పెద్దగా కనపడదు.

మరో ఎత్తు ప్రశ్న కూడా వస్తుంది. "ఒకసారే వాడే ఉత్ప్రేరకం 0.01 మోల్ శాతం. మీ రీసైకిల్ ఉత్ప్రేరకం 1 మోల్ శాతం, పదిసార్లు వాడొచ్చు. ఏది కొంటారు?" పదిసార్లకు పంచితే రెండోది 0.1 శాతం. మొదటిదానికంటే పది రెట్లు ఎక్కువ. దీనికి అసలైన ఉదాహరణ ఎస్-మెటోలాక్లోర్ అనే కలుపు మందు. 1996 నుంచి ఇరిడియం ఉత్ప్రేరకంతో ఏటా వేల టన్నుల్లో తయారవుతోంది. ఒక్క ఉత్ప్రేరక అణువు దాదాపు పది లక్షల అణువులను మారుస్తుంది. ఈఈ 80 శాతమే, కలుపు మందుకు అది చాలు. అంత తక్కువ వాడినప్పుడు వెనక్కి రాబట్టే పని ఎవరికి కావాలి? రీసైకిల్ అనగానే గొప్పదని తలూపేయకుండా ఈ లెక్క వేసి చూపించండి.

ఇంకా పెద్ద పోటీ ఎంజైములది. మధుమేహం మందు సిటాగ్లిప్టిన్‌ను మెర్క్ మొదట రోడియంతో, ఎక్కువ పీడనంలో హైడ్రోజనేషన్ చేసి తయారుచేసింది. కోడెక్సిస్‌తో కలిసి ఒక ఎంజైమ్‌ను మార్పుచేర్పులతో పదునుపెట్టి, 2010లో సైన్స్ పత్రికలో ఆ కొత్త దారిని ప్రచురించారు. రోడియం మొత్తానికే పోయింది. మెటల్‌ని వెనక్కి తెచ్చే అత్యుత్తమ పద్ధతి అసలు వాడకపోవడమే అని ఎవరైనా చమత్కరిస్తే కాదనలేం. బయోకెటాలిసిస్ కూడా కొంత చదువుకోండి.

ఏ పోస్టులకు పనికొస్తుంది?

ప్రాసెస్ ఆర్ అండ్ డీ కెమిస్ట్‌కి సూటిగా. అనలిటికల్ ఆర్ అండ్ డీకి కూడా. కైరల్ కాలమ్‌ల కంపెనీ డైసెల్‌కి మన జీనోమ్ వ్యాలీలోనే ల్యాబ్ ఉంది, అక్కడ మెథడ్ డెవలప్‌మెంటే పని. టెక్నాలజీ ట్రాన్స్‌ఫర్, ఈహెచ్‌ఎస్ విభాగాల్లో సెకండ్ రౌండ్ ప్రశ్నలు ఇటే తిరుగుతాయి. ఉదాహరణకు, వాడేసిన పల్లేడియం కార్బన్‌ను వడకట్టాక ఏం చేస్తారు? తడిగా, నైట్రోజన్ కింద ఉంచాలి. ఎండితే గాలి తగిలి అంటుకుంటుంది. అది తెలియని కెమిస్ట్‌ను ఎవరూ ప్లాంట్‌లోకి పంపరు. తడి కేక్‌ను తూకం వేసి డ్రమ్ముల్లో నింపి, నవీ ముంబయిలోని హిందుస్థాన్ ప్లాటినమ్, ఉదయ్‌పూర్‌లోని రవీంద్ర హెరేయస్ లాంటి రిఫైనరీలకు పంపడం మామూలు. వాళ్లు లోహాన్ని రాబట్టి ఇస్తారు. అక్కడా కెమిస్టులు కావాలి. మన పిల్లలు ఆ వైపు చూడరెందుకో!

పరిశోధనే కావాలంటే సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్. కెమికల్ సైన్సెస్ పేపర్ మూడు గంటలు, 200 మార్కులు. పార్ట్-ఎలో 20కి 15, బిలో 40కి 35, సిలో 60కి 25 ప్రశ్నలు రాయాలి. సి భాగం ఒక్కటే 100 మార్కులు, అసిమెట్రిక్ సింథసిస్, ఆర్గానోమెటాలిక్స్ అక్కడ బాగా అక్కరకొస్తాయి. జేఆర్‌ఎఫ్ వస్తే 2023 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన రేటు ప్రకారం మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆ తర్వాత 42,000 రూపాయలు, ఇంటి అద్దె అదనం. ఐఐసీటీలో చేరితే పీహెచ్‌డీ ఏసీఎస్‌ఐఆర్ ద్వారా. పరిశోధన, పరిశ్రమ వేర్వేరు ప్రపంచాలనుకోకండి. 1995లో ఐఐసీటీ డైరెక్టర్‌గా రిటైరైన ఏవీ రామారావు ఆవ్రా లేబొరేటరీస్ పెట్టింది ఆ తర్వాతే.

కోచింగ్‌కి డబ్బుల్లేవా? క్లేడెన్ పుస్తకంలో అసిమెట్రిక్ సింథసిస్ అధ్యాయం చదవండి. ఎన్‌పీటీఈఎల్ వీడియోలు ఉచితం. 2001 నోబెల్ ఉపన్యాసాలు మూడూ నోబెల్ వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉన్నాయి. అసలు పేపర్లు కావాలంటే, మీది ప్రభుత్వ కళాశాలో యూనివర్సిటీయో అయితే లైబ్రేరియన్‌ను 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' గురించి అడగండి. 2025 జనవరి నుంచి ప్రభుత్వ సంస్థలకు పెద్ద పబ్లిషర్ల జర్నల్స్ దీనికింద అందుబాటులోకి వచ్చాయి. ప్రైవేటు కాలేజీల వాళ్లకు ఈ సౌకర్యం లేకపోవడం అన్యాయమే. ప్రభుత్వ కాలేజీలో చదివే స్నేహితుడి పక్కన కూర్చుని చదువుకోవడం తప్ప ప్రస్తుతానికి దారి లేదు.

ఈ ఆదివారం ఒక పని చేయండి. చౌదరి, లక్ష్మీకాంతం బృందం 2002 పేపర్ గానీ, డింగ్ 2004 పేపర్ గానీ ఒకటి తీసుకోండి. తెల్ల కాగితం మీద అయిదు గళ్లు గీయండి. లోహం మోల్ శాతం, ఎన్ని విడతలు, ప్రతి విడతకు పట్టిన సమయం, ఈఈ, ద్రావణంలోకి జారిన లోహం. పేపర్లో దొరికినవి నింపండి. దొరకని గడి ఖాళీగా వదిలి, దాన్ని మీరైతే ఏ ప్రయోగంతో నింపుతారో పక్కనే రెండు లైన్లు రాయండి. ఆ కాగితం మడిచి ఫైల్లో బయోడేటా వెనక పెట్టుకుని సోమవారం మెట్రో ఎక్కండి.